ముద్దకు ముందు మూసే కళ్ళు

మొన్న దర్శిలో మా అక్కావాళ్ళ కొత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్ళాను. ఈ యుద్ధం రోజుల్లో బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు మార్కాపురంలో ఎక్కినవాళ్ళను నేరుగా దర్శిలో దించదు. దారిలో రెండు మూడు చోట్ల దించి, తనను తోయించుకొని, మళ్ళీ ఎక్కించుకుంటుంది. అలా కొంత దూరం బస్సులోనూ కొంత దూరం బస్సు వెనకా ప్రయాణం చేసి, భోజనాల వేళకు పంక్తిలో చోటు సంపాదించాను. విస్తట్లో అన్నం పడింది, ముద్దపప్పు పడింది, నెయ్యి పడింది. గబగబా కలిపి ముద్ద నోటి దాకా తెచ్చి చూద్దును కదా, ఆ పంక్తిలో గాలిలో ఉన్న చెయ్యి నాదొక్కటే. మా బావ, ఆయన తమ్ముళ్ళు, వాళ్ళ పిల్లలు, నిన్నగాక మొన్న ఆ ఇంట అడుగుపెట్టిన కోడలు, అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకొని కళ్ళు మూసుకున్నారు. రెండు గుక్కల ఊపిరి తీసేటంత సేపు. తరువాత అందరూ ఒక్కసారే కళ్ళు తెరిచి, ఒక్కసారే పప్పు మీద పడ్డారు. నా అవతల కూర్చున్న వాళ్ళ బంధువు ఒకాయన, పెద్దమనిషి, పక్కవాళ్ళకు వివరిస్తున్నాడు: "ఇది ఈ వంశంలో ఏడు తరాలుగా వస్తున్న ఆచారమండీ. ఇంకెక్కడా చూడరు."

నాకు పొలమారింది. ఎవరో తలుచుకుంటున్నారని పక్కవాళ్ళు నీళ్ళిచ్చారు. నిజానికి తలుచుకుంటున్నది నేనే. ఆ ఆచారం వయసు పన్నెండేళ్ళు. అది పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఏడు తరాల వాళ్ళలో ఒకణ్ణి నేనే కావాలి, నాకింకా తల కూడా నెరవలేదు. ఆ ఆచారానికి మూలపురుషుడు నా ఇవతలే కూర్చున్నాడు. మా మేనల్లుడు. వాడు ఒక కన్ను భక్తిగా మూసి, రెండో కంటితో బూరెల గంప ఎంతదూరంలో ఉందో చూసుకుంటున్నాడు. ఆ రోజు వాడు తిన్న బూరెలు తొమ్మిది. లెక్కపెట్టకూడదు, దిష్టి తగులుతుంది. కానీ వీడి విషయంలో దిష్టికీ నాకూ ఒక పాత తగాదా ఉంది, అందుకే లెక్కపెట్టాను.

వాడు పుట్టింది మార్కాపురంలో, మా ఇంట్లో. మా అక్కకు అంతకు ముందు పుట్టిన ఆడపిల్ల ఏడాది నిండకుండానే పోయింది. అందుకని ఈసారి పురిటికి చాలా ముందుగానే పుట్టింటికి వచ్చింది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది కనుక ఇంటి పెత్తనమంతా మా అవ్వది, అంటే నాయనను కన్నతల్లిది. నాయనకు బజారులో కిరాణా దుకాణం. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. దుకాణంలో కూర్చోబెడితే వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పి బేరాలు చెడగొడుతున్నానని నాయన ఇంటికి పంపేవాడు. ఇంట్లో ఉంటే కాళ్ళకు అడ్డం పడుతున్నానని అవ్వ దుకాణానికి పంపేది. నా యవ్వనంలో ఎక్కువ భాగం ఆ రెండింటి మధ్య వీధిలో గడిచింది.

వానలు వెనకబట్టాక అక్కకు చలిజ్వరం పట్టుకుంది. నల్లమల కింద ఊళ్ళకు చలిజ్వరం దగ్గరి చుట్టం లాంటిది, ఒక ఏడు రాకపోతే ఏమైందోనని అడుగుతారు. కానీ చంటిబిడ్డ తల్లికి రావడం వేరు. రోజు విడిచి రోజు మధ్యాహ్నానికి వణుకు, పొద్దు వాలేసరికి చెమటలు, వాటి మీద క్వినైను చేదు. రెండు నెలల్లో పాలు తగ్గిపోయాయి. ఆవుపాలు పడితే బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. అవ్వ ఒక మేకను తెప్పించింది. ఆ మేక మా ఇంట్లో ఉన్న వారంలో పెరట్లో బంతిమొక్కలు, నాయన తుండుగుడ్డలో సగం, పంచాంగంలో ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా తినేసింది. పాలు మాత్రం ఇవ్వలేదు. చివరికి ఎల్.ఎం.పి. డాక్టరు వచ్చి బిడ్డను చూసి, నాయనను వసారాలోకి పిలిచి మెల్లగా చెప్పాడు. బిడ్డకు త్వరగా అన్నం అలవాటు కావాలనీ, ఇట్లా పాల మీదే ఉంటే చలికాలం గడవడం కష్టమనీ. నేను తలుపు ఇవతల ఉన్నాను. నాకు దేని మీదనైనా ఏదో ఒక హాస్యం తోస్తుంది. ఆ రోజు మాత్రం తోచలేదు.

ఆరో నెల రాగానే అన్నప్రాశన పెట్టారు. మా వాళ్ళలో బిడ్డకు మొదటి ముద్ద మేనమామ పెట్టాలి. అంతవరకు ఆ ఇంట్లో నా చేతికి ఎవరూ పని చెప్పలేదు కనుక, తలంటు పోసుకొని, కొత్త కండువా వేసుకొని, కొంచెం గర్వంగానే కూర్చున్నాను. బిడ్డ ముందు పుస్తకం, కత్తి, బంగారం పెట్టారు. వాడు మూడింటినీ వదిలి పురోహితుడి పంచె అంచు పట్టుకున్నాడు. దానికి అర్థం ఏమిటో ఏ శాస్త్రంలోనూ లేదని పురోహితుడు పంచె విడిపించుకుంటూ చెప్పాడు. నేను ఉంగరంతో పరమాన్నం తీసి నాలుక మీద పెట్టాను. వాడు నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. దుకాణంలో పుచ్చిపోయిన కందిపప్పు చేతిలో పోసుకున్న మనిషి చూసినట్టు చూశాడు. తరువాత నా కొత్త కండువా మీదికి ఉమ్మేశాడు. రెండోసారీ అంతే. మూడోసారి నోరే తెరవలేదు.

ఆ రోజు నుంచి వాడు ఏది తినకపోయినా తప్పు నా చేతిదే అయింది. "నీ చెయ్యి సల్లని చెయ్యి కాదురా," అన్నది అవ్వ. చుట్టాలు వచ్చి నా అరచెయ్యి తిప్పి తిప్పి చూసి నిట్టూర్చి వెళ్ళేవాళ్ళు. ఇంకొంత కాలం అట్లా జరిగితే నా చేతిని విడిగా ఏదైనా క్షేత్రానికి పంపించి గుండు చేయించేవాళ్ళే.

నా చెయ్యి తరువాత అవ్వ అనుమానం దిష్టి మీద. మొదటి బిడ్డను దిష్టే తీసుకుపోయిందని ఆమె గట్టి నమ్మకం. అందుకని వీడు తినేటప్పుడు ఎవరి కళ్ళూ పడకూడదన్నది. ధాన్యం బస్తాలుండే కొట్టుగదిలోకి వాణ్ణి తీసుకుపోయి, తలుపు మూసి, ఉన్న ఒక్క కిటికీకి దుప్పటి కట్టేది. ముందుగా ఉప్పూ ఎండుమిరపకాయలూ వాడి చుట్టూ తిప్పి నిప్పుల మీద వేసేది. మార్కాపురం మిరపకాయ సంగతి తెలిసినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. మూసిన గదిలో ఆ ఘాటుకు అవ్వ దగ్గేది, బిడ్డ తుమ్మేవాడు, బయట ఉన్న నేను దగ్గేవాణ్ణి. ఆ తరువాత ఆమె కాళ్ళు చాపుకొని, వాటి మధ్య వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, వాడు ఏడవడానికి నోరు తెరిచినప్పుడు వెండి ఉగ్గుగిన్నె మూతి నోట్లో పెట్టి మెత్తగా చేసిన అన్నం పోసేది. వాడు ఉక్కిరిబిక్కిరై అంతా బయటికి తోసేవాడు. పదిరోజులకు వాడికి లోకజ్ఞానం వచ్చేసింది. ఉగ్గుగిన్నె దూరాన మెరిస్తే చాలు, ఇల్లెగిరేటట్టు ఏడ్చేవాడు. వాడి దృష్టిలో అన్నమంటే చీకటి, పొగ, ముక్కు మంట. నేనైనా ఏడ్చేవాణ్ణే.

మా ఇంట్లో ఎవరికీ ఇది తోచలేదు. తోచకపోవడానికి కారణం ఒక్కటే, అందరం భయపడుతున్నాం. నాయన తనకు తెలిసిన పద్ధతిలో భయపడ్డాడు. ప్రాణమున్న బిడ్డను తూచకూడదని అవ్వ శాసనం. అందుకని వారానికొకసారి పొద్దున్నే, దుకాణం తెరవకముందు, నేను వాణ్ణి దుప్పటిలో చుట్టి గాలికి తిప్పే నెపంతో బజారుకు తీసుకుపోయేవాణ్ణి. నాయన పెద్ద తక్కెడ పళ్ళెంలో తుండుగుడ్డ పరిచి వాణ్ణి కూర్చోబెట్టి, అవతల రాళ్ళు వేసేవాడు. మొదటి వారం సరిగ్గా నాలుగు వీశెలు. మరుసటి వారం రెండు పలాలు తక్కువ. ఆ పై వారం ఇంకో మూడు. తూకం తగ్గినందుకు మా నాయన ముఖం వాడిపోవడం బజారులో ఎవరైనా చూసి ఉంటే నమ్మేవాళ్ళు కాదు. ఆయన చిన్న రాళ్ళు తీసి, తుడిచి, మళ్ళీ వేసి చూసేవాడు. రాళ్ళ మీద దుమ్ము వల్లనేమోనని.

అక్క మంచం మీంచి లేవలేకపోయేది. కొట్టుగదికీ ఆమె గదికీ మధ్య ఒక్క గోడే. ఏడుపు ఆగినాక నన్ను పిలిచి, తిన్నాడా అని అడిగేది. తిన్నాడని చెప్పేవాణ్ణి. ఇంకా కావాలని పంచాయతీ పెట్టినాడు, నాయనకు మిగలదని అవ్వే ఆపేసిందని చెప్పేవాణ్ణి. ఆమె నవ్వేది. ఒక రోజు నవ్వి, దుప్పటి గడ్డం దాకా లాక్కొని, పైకప్పు వైపు చూస్తూ అన్నది: "నువ్వు ఎక్కువ నవ్వించినావంటే వాడు తక్కువ తిన్నాడని నాకు తెలుసులేరా." నేను ఉగ్గుగిన్నె కడగడానికి పెరట్లోకి పోయాను.

ఇట్లా ఉండగా శెనక్కాయల కాలం వచ్చింది. అవ్వ ఏటా రెండు బస్తాలు ఇంటికి తెప్పించి ఒలిపించేది. ఆ ఏడు ఒలవడానికి పేట నుంచి ఒకామె వచ్చింది. మా ఇంట్లో అందరూ ఆమెను శెనక్కాయలామె అనేవాళ్ళు, నేనూ అట్లాగే అంటాను. క్రైస్తవుల పేటలో ఉండేది, కోతల కాలంలో కోతలకు, కాయల కాలంలో కాయలకు పోయేది. పాతికేళ్ళ మనిషి. చంకలో ఏడాది దాటిన కొడుకు. ఆమె మా పెరటి వాకిలి గుండా రావాలి, వేపచెట్టు కింద గోనెపట్టా మీద కూర్చోవాలి, పెరటి వాకిలి గుండానే పోవాలి. ఇంటి గడప ఇవతలిది, ఆమె అవతలిది. ఈ హద్దును ఎవరూ గీసి చూపించలేదు. మా మేకకు తప్ప అందరికీ తెలుసు.

ఆ రోజు అక్కకు జ్వరం వచ్చే రోజు. అవ్వ ఆమె కాళ్ళు పడుతూ లోపల ఉంది. బిడ్డను ఎండలో ఆడించమని నాకిచ్చింది. ఆడించడానికి వాడిలో సత్తువ ఉండాలి కదా, నా ఒళ్ళో జారగిలబడి ఎటో చూస్తున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి శెనక్కాయలామె చేతులు కడుక్కొని మూట విప్పింది. జొన్న సంగటి, ముంతలో మజ్జిగ. కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకొని రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకొంది. పెదవులు కదిలాయి. ఆ పిల్లాడూ చేతులు జోడించి కళ్ళు మూశాడు. మూశాడంటే ఒకటి మూశాడు, రెండోది సంగటి మీదే ఉంది. తరువాత ఆమె సంగటి గోరంత తుంచి, మజ్జిగలో మెదిపి వాడికి పెట్టింది. తానో ముద్ద తిన్నది. వాడికి ఇంకోటి. వాడు నమిలాడు, ముఖమంతా పూసుకున్నాడు, కొంత తిరిగి తల్లి నోట్లో పెట్టాడు. ఎవరి నోట్లోకీ ఎవరూ ఏమీ పొయ్యలేదు.

నా ఒళ్ళో బరువు మారింది. చూస్తే మా వాడు నిటారుగా కూర్చున్నాడు. ఆ పిల్లాడి నోరు కదిలినప్పుడల్లా వీడి నోరూ కదులుతోంది. అప్పటికి ఏడో నెల నిండుతోంది. ఆ ఏడు నెలల్లో ఒక మనిషి అన్నం తినడం వాడు చూడటం అదే మొదటిసారని నాకప్పుడు తట్టింది. దిష్టి తగలకుండా వాడి మీద ఎవరి కళ్ళూ పడకుండా చూశాం కానీ, వాడి కళ్ళు కూడా ఎవరి మీదా పడకుండా చేశామని ఎవరికీ తోచలేదు. తిండి అనేది నోట్లో పోసేదని వాడికి తెలుసు. తినేదని తెలియదు.

వీడికి కొంచెం పెట్టు తల్లీ, అన్నాను. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఒకసారి పెరటి తలుపు వైపు చూసి మెల్లగా అన్నది: "నా చేత్తోనా చిన్నయ్యా? ఇంత పెద్ద ఇంటి బిడ్డ తిననోడు. రేపు పానానికి ఏమన్నా అయితే జ్వరమని అనరు, సంగటి అంటారు."

ఆమె అన్నది నిజం. అట్లా అనేవాళ్ళలో మొదటివాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. నా చేత్తో పెడితే ఉమ్మేసినాడు, అవ్వ చేత్తో పోస్తే కక్కినాడు, మా ఇంట్లో మంచి చేతులన్నీ అయిపోయినాయి అన్నాను. ఆమె నవ్వలేదు. బిడ్డను కాసేపు చూసింది. వాడి మెడ, మణికట్లు, కణతలు చూసింది. బిడ్డలను పెంచినవాళ్ళకు తక్కెడ అక్కరలేదు. "నేను పెట్టను. ఒళ్ళోంచి దించి మావోని పక్కన కూర్చోబెట్టు. ఆనిక ఆకలుంటే ఆడే చూసుకుంటాడు," అన్నది.

దించాను. ఇద్దరూ గోనెపట్టా మీద ఎదురెదురుగా కూర్చున్నారు. నేను వెనకనుంచి మా వాడి నడుము పట్టుకున్నాను. ఆమె కొడుకు మా వాణ్ణి పై నుంచి కిందిదాకా చూశాడు. తన గుప్పిట్లో సంగటి చూసుకున్నాడు. మా వాడు చెయ్యి చాచి ఆ గుప్పిటను పట్టుకొని, ఎంతో కాలంగా తెలిసిన పనిలా, నోట్లోకి లాక్కున్నాడు. ఆ పిల్లాడు కెవ్వుమన్నాడు, ఎందుకంటే సంగటితో పాటు వేళ్ళు కూడా పోయాయి. వేళ్ళు బయటికి వచ్చాయి. సంగటి రాలేదు. మా వాడు దాన్ని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు తిప్పాడు. ముఖం చిట్లించాడు. నేను కండువా సర్దుకున్నాను. వాడు మింగాడు.

అప్పుడు తల ఎత్తితే పెరటి గడప మీద అవ్వ నిలబడి ఉంది.

శెనక్కాయలామె లేచి కొడుకును చంకకెత్తుకొని రెండడుగులు వెనక్కి పోయింది. ఎంగిలి, పరాయి ఎంగిలి, పేట ఎంగిలి, అందులోనూ జొన్న సంగటి. ఇందులో ఏ ఒక్కటి చాలు, అవ్వ ఊరంతా ఏకం చెయ్యడానికి. అవ్వ చూపు సామాన్యమైనది కాదు. వసారాలో కూర్చొని వంటింట్లో బెల్లం మీద ఎక్కే చీమను పేరు పెట్టి పిలవగలదు. అంతలో మా వాడు ఖాళీ అయిన ఆ పిల్లాడి చోటు చూసి, గోనెపట్టా మీద పడ్డ సంగటి పలుకు ఏరుకొని నోట్లో పెట్టుకున్నాడు. ఇంకోటి కోసం వెతుకుతున్నాడు.

అవ్వ చాలాసేపు చూసింది. తరువాత కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొంది. "ఎవర్రా ఆడ? ఎదురెండలో నాకేం కనపడదు," అన్నది. అవ్వ వెనక్కి తిరిగి లోపలికి పోయింది. లోపలి నుంచి, ఎవరికీ కాకుండా, గొంతు వినపడింది: "పిల్లోనికి మజ్జిగ ఇంకా కొంచెం పొయ్యమను. సంగటి గొంతుకు పట్టుకుంటాది." ఏ పిల్లోనికో చెప్పలేదు. ఆమె ఇద్దరికీ పోసింది.

మరునాటి నుంచి మధ్యాహ్నమయ్యేసరికి అవ్వకు ఎదురెండ సమస్య మొదలయ్యేది. బిడ్డను నాకిచ్చి, పెరటి తలుపు దగ్గరగా వేసుకొని లోపల కూర్చునేది. కొట్టుగది కిటికీకి కట్టిన దుప్పటి తీసి ఉతికించింది. రెండు బస్తాల శెనక్కాయలు ఎనిమిది రోజుల్లో అయిపోయాయి. అవ్వ ఇంకో రెండు తెప్పించింది. అవీ అయిపోతే చింతపండు గింజలు తీయించింది. అది అయిపోతే, తీసిన చింతపండులో గింజలు మిగిలినాయేమోనని మళ్ళీ చూడమన్నది. ఇంట్లో ఇన్ని శెనక్కాయ పప్పులు ఎవరు తింటారని నాయన అడిగితే, తిననోడు తింటున్నాడులే అన్నది. ఆ వారం తక్కెడ పళ్ళెంలో వాణ్ణి కూర్చోబెట్టినప్పుడు పళ్ళెం మెల్లగా కిందికి దిగి, అవతలి నాలుగు వీశెల రాళ్ళు పైకి లేచాయి. నాయన రాళ్ళు తుడవలేదు. ఒక పలం బెల్లం తీసి నా చేతిలో పెట్టి, దుకాణం ముందు నీళ్ళు చల్లడానికి పోయాడు. ఆ పని ఆయన ఎప్పుడూ చెయ్యడు.

అక్క జ్వరం కూడా వెనకపట్టింది. బిడ్డ సంగటి తింటున్నాడని ఆమెకు నేనే చెప్పాను, ఎవరి పక్కన కూర్చొని తింటున్నాడో కూడా చెప్పాను. నేను నవ్వించడం లేదు కాబట్టి నిజమే అయ్యుంటుందన్నది ఆమె.

పుష్యమాసంలో దర్శి నుంచి అక్క అత్తగారు వచ్చింది, తల్లీబిడ్డలను తీసుకుపోవడానికి. ఆమె మంచి మనిషే, కానీ నెల్లూరు జిల్లా మనిషి. మా కర్నూలు జిల్లా వాళ్ళు జొన్నలు తిని బతుకుతారని ఆమెకు జాలి. మనవడు అన్నం తినడం లేదని ఎవరో అక్కడి దాకా మోశారు. తన కళ్ళతో చూసిగానీ కదలనన్నది. ఇంతవరకు వాడి మీద ఎవరి కళ్ళూ పడకూడదన్న ఇంట్లో, వాడు నడిమింట్లో పీట మీద, వెండి గిన్నెలో పప్పన్నంతో, నలుగురి ఎదుటా కూర్చున్నాడు. నాయన కూడా పక్కన భోజనానికి కూర్చున్నాడు. అక్క ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది. వాడు నోరు తెరవలేదు. ఏడవనూ లేదు. ముద్దను చూశాడు, ఆమెను చూశాడు, ఏదో కావలసింది రాలేదన్నట్టు ఊరికే కూర్చున్నాడు. అత్తగారు నోరు తెరవబోతోంది.

నాకు తెలిసింది, వాడు దేనికోసం ఆగాడో. చెప్పడానికి వీల్లేదు. అవ్వ వైపు చూశాను. ఎదురెండలో ఏమీ కనపడని మా అవ్వ, పీట ముందుకు వచ్చి కూర్చొని, రెండు చేతులూ జోడించి, కళ్ళు గట్టిగా మూసుకొంది. వాడి ముఖం విప్పారింది. చిన్న చేతులు ఒకదాని మీద ఒకటి వేసి, కళ్ళు మూశాడు. తెరిచాడు. నోరు కూడా తెరిచాడు. అక్క ముద్ద పెట్టింది, వాడు తిన్నాడు. ఇంకోటి తిన్నాడు.

అత్తగారు ఇదేమిటని అడిగింది. "మా ఇంటి ఆచారం అమ్మా," అన్నది అవ్వ, ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా. "చెన్నకేశవసామిని తలుచుకోకుండా ఈ ఇంట్లో ఎవురూ మెతుకు ముట్టరు."

అప్పటికే నాలుగు ముద్దలు తిన్న నాయన, అయిదో ముద్దను సగం దారిలో ఆపి, విస్తట్లో దించి, కళ్ళు మూసుకున్నాడు. మా ఇంట్లో అంతకు ముందు భోజనం దగ్గర ఎవరైనా చెన్నకేశవుణ్ణి తలుచుకుంటే అది పచ్చడి ఘాటుకే. నేనూ మూసుకున్నాను, ఎందుకంటే తెరిచి ఉంచితే నవ్వొచ్చేది. అత్తగారు ముగ్ధురాలైపోయింది. ఇంత మంచి ఆచారం తమ ఇంట్లో లేదని బాధపడి, దర్శికి పోగానే మొదలుపెట్టింది. మిగతాది మొన్న పంక్తిలో నేను చూశాను.

వాళ్ళ బండి కదిలినాక అవ్వ పెరట్లోకి వచ్చింది. మొదటిసారి వేపచెట్టు నీడ దాకా వచ్చి, గోనెపట్టా అంచున నిలబడి, మీ దేవుని దగ్గర నేర్చినదానికి మా దేవుని పేరు పెట్టినానని, మీ దేవునికి కోపమొస్తాదా అని అడిగింది. శెనక్కాయలామె చింతగింజలు లేని చింతపండులో గింజలు వెతుకుతూనే తల ఎత్తింది. "ఆకలైన పిల్లోడు ఒక్క గడియ కండ్లు మూసుకోవడమే ఎక్కువ అవ్వా. ఎవరి పేరు మీద మూస్తే ఏంది?" అన్నది. అవ్వ ఆ రోజు చీకటి పడేదాకా అక్కడే, పట్టా అవతల నేల మీద కూర్చొని, తానూ చింతపండు విప్పింది. ఆ పట్టా మీద కూర్చోవడం మాత్రం ఆమె వల్ల కాలేదు. మా అవ్వను ఉన్నదానికన్నా పెద్దదాన్ని చేసి చెప్పడం నాకిష్టం లేదు. నాలుగేళ్ళ కిందట ఆమె పోయింది.

దర్శి నుంచి తిరిగి వచ్చిన మరునాడు నేను పలకలు చేసే చోటికి వెళ్ళాను. శెనక్కాయలామె ఇప్పుడు అక్కడ పలకల అంచులు నున్నగా రుద్దుతుంది. చేతులూ కనుబొమలూ బూడిదరంగు రాతిపొడి. కొడుకు మిషన్ బడిలో చదువుతున్నాడు. అమ్మ రుద్దిన పలక మీదే రాస్తాడట. పంక్తి సంగతంతా చెప్పాను. కొత్త కోడలితో సహా మొత్తం ఇల్లంతా కళ్ళు మూసిందనీ, పెద్దమనిషి ఏడు తరాలన్నాడనీ చెప్పాను. ఆమె పని ఆపకుండానే విన్నది. చివరికి ఒక్కటే అడిగింది: "మీ మేనల్లుడు రెండు కండ్లూ మూస్తాడా, ఒకటేనా?"

ఒకటే అన్నాను.

"అయితే అది నేను నేర్పింది కాదులే. మావోడు నేర్పింది," అని చేతిలో పలకను ఊది పక్కన పెట్టి, ఇంకోటి తీసుకుంది.

ఒక ఆకలిగొన్న మధ్యాహ్నం ఏడు తరాల ఆచారం కావడానికి పన్నెండేళ్ళు సరిపోయాయి. మిగిలిన ఆచారాల అడుగున ఎవరి గోనెపట్టా పరిచి ఉందో కాలాన్ని అడిగి లాభం లేదు. అది కూడా మా అవ్వలాగే కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని, ఎదురెండలో తనకేమీ కనపడలేదంటుంది.